పోయిందేమిటో సరిగ్గా రాయండి: వార్తా సంపాదకులకు బహిరంగ లేఖ

పత్రికలు, టీవీ ఛానళ్లు, వెబ్‌సైట్ల సంపాదకులకు, అర్ధరాత్రి డెస్క్ మీద కూర్చుని శీర్షికలు పెట్టే సబ్ ఎడిటర్లకు,

నమస్కారం.

పాత రాతప్రతులకు, దస్తావేజులకు కేటలాగ్ రాసే పని నాది. కాగితం పొడవెంత, ఆకులెన్ని, ఎక్కడ చిరిగింది, ఏ మూల ఏ స్టాంపు ఉంది అని రాసుకుంటూ పోవడమే ఉద్యోగం. చరిత్ర పత్రాలు దొంగలపాలయ్యాయని మీ దగ్గర వార్త వచ్చినప్పుడల్లా మాలాంటివాళ్లం దాన్ని రెండుసార్లు చదువుతాం. మొదటిసారి మీరు ఏం పోయిందన్నారో చూస్తాం. రెండోసారి నిజంగా ఏం పోయి ఉంటుందో ఆ వాక్యాల మధ్య వెతుక్కుంటాం. ఆ రెండోసారి చదవాల్సిన అవసరం లేకుండా రాయమని అడగడానికే ఈ ఉత్తరం.

నగల దుకాణంలో దొంగలు పడితే, పోయిన గొలుసుల లెక్క మీరు ఒకటి అటూ ఇటూగా వేసినా కేసుకు వచ్చే నష్టం ఏమీ ఉండదు. పత్రాల సంగతి అలా కాదు. పత్రం ఎత్తుకెళ్లినవాడు చాలావరకు దాన్ని అమ్ముతాడు. కొనే సేకర్త, వేలం వేసే సంస్థ, విరాళంగా పుచ్చుకునే ఇంకో లైబ్రరీ, వీళ్లెవరూ పోలీసు ఫైలు చూడరు. వాళ్లకు కనిపించేది మీ వార్త. పదేళ్ల తర్వాత ఎవరికైనా అనుమానం వచ్చి వెతికితే దొరికేదీ అదే. అందులో ‘చేతిరాత’ అని ఉంటే, తన దగ్గరున్నది అచ్చుప్రతి కాబట్టి ఇది వేరే సరుకు అనుకుంటాడు. అలా అనుకుంటేనే లాభం ఉన్నవాడు ఇంకా తొందరగా అనుకుంటాడు.

కొలంబస్ తన తొలి సముద్రయానం గురించి రాసిన ఉత్తరాన్నే తీసుకోండి. ఫ్లోరెన్స్‌లోని రికార్డియానా లైబ్రరీ నుంచి పోయిన ప్రతిని 2016లో అమెరికా ఇటలీకి తిరిగిచ్చింది. 2018లో ఒకటి వాటికన్‌కు, ఇంకొకటి బార్సిలోనాలోని కేటలోనియా జాతీయ లైబ్రరీకి చేరాయి. 2023లో వెనిస్‌లోని మార్చానా లైబ్రరీ ప్రతి వంతు వచ్చింది. ప్రతిసారీ ‘కొలంబస్ ఉత్తరం దొరికింది’ అనే శీర్షికలే. అది చదివినవాళ్ల కళ్ల ముందు కదిలేది కొలంబస్ కలం పట్టుకుని రాసిన కాగితం. కానీ ఆయన చేత్తో రాసిన ఆ ఉత్తరం ఇప్పుడెక్కడా లేదు. ఈ లైబ్రరీల నుంచి పోయినవీ, తిరిగొచ్చినవీ 1493లో అచ్చయిన లాటిన్ అనువాదం ప్రతులు, ఒక్కోటీ కొన్ని పేజీలు.

ఇది పండితుల చాదస్తం అనిపించవచ్చు. కాదు. అచ్చుప్రతి అన్నాక ఒకే పోలికతో ఇంకొన్ని ఉంటాయి. అందులోని విషయం ఎంత చదివినా ఇది ఫలానా లైబ్రరీది అని తేలదు. తేల్చేవి స్టాంపు, కుట్టు రంధ్రాలు, అంచు కత్తిరించిన తీరు, ఎప్పుడో ఎవరో పెన్సిల్‌తో వేసిన నంబరు. పురుగు తిన్న రంధ్రం కూడా సాక్ష్యమే. పుస్తకంలో పురుగు ఒక ఆకు దగ్గర ఆగదు, వరసగా తొలుచుకుంటూ పోతుంది. మధ్యలోంచి ఒక ఆకు కోసుకుపోయినా, ముందు వెనకల ఆకుల్లోని రంధ్రాలతో కలిపి చూస్తే దాని చోటు తెలిసిపోతుంది. ఇవన్నీ దొంగలకు బాగా తెలుసు. బార్సిలోనా ప్రతి మీది లైబ్రరీ స్టాంపు సిరాను రసాయనంతో పోగొట్టిన ఆనవాళ్లు పరీక్షల్లో బయటపడ్డాయి. దొంగ అంత శ్రద్ధగా చెరిపిన స్టాంపు గురించి వార్తల్లో ఒక్క ముక్క ఉండదు. ఓడ బొమ్మ మాత్రం పెద్దగా ఉంటుంది.

ఇంకో సంగతి. ఫ్లోరెన్స్ ప్రతి తేలింది ఎక్కడో గోదాములో కాదు, అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో. 2004లో విరాళంగా అక్కడికి చేరింది. ఫ్లోరెన్స్‌లో దాని చోట నకలు పెట్టి ఉంది కాబట్టి పోయినట్టు అక్కడివాళ్లకూ చాలాకాలం తెలియలేదు. దొంగసొత్తు ఎంత దర్జాగా పెద్దమనుషుల ఇంట్లో కూర్చోగలదో చూడండి. దాన్ని గుర్తుపట్టాల్సింది అక్కడి మనుషులు, వాళ్లకు కావాల్సింది సరైన వర్ణన.

‘అసలు ప్రతి’ అనే మాటతోనూ ఇదే తంటా. 1789లో అమెరికా హక్కుల చట్టం (బిల్ ఆఫ్ రైట్స్) ప్రతులు 14 తయారయ్యాయి. ఒకటి కేంద్రానికి, 13 రాష్ట్రాలకు. 1865లో అంతర్యుద్ధం ముగిసే వేళ నార్త్ కరొలైనా ప్రతిని ఒక సైనికుడు రాలీలోని శాసనసభ భవనం నుంచి పట్టుకుపోయాడు. మరుసటి ఏడు 5 డాలర్లకు అమ్మాడు. 2003 మార్చిలో ఫిలడెల్ఫియాలో ఎఫ్‌బీఐ వలపన్ని పట్టుకునేనాటికి దాని బేరం 40 లక్షల డాలర్ల దగ్గర ఉంది. 14లో అది ఏ రాష్ట్రానిదో ముందు వైపున్న గొప్ప వాక్యాలు చెప్పవు, అవి అన్నిట్లోనూ ఉన్నవే. వెనక వైపు ఆనాటి గుమాస్తా దస్త్రం కోసం రాసుకున్న రెండు ముక్కలే దాన్ని పట్టించాయి. మీ ఫొటోగ్రాఫర్‌ను ఈసారి వెనక వైపు కూడా తీయమని చెప్పండి.

ఇక అంకెలు. 2003 ఏప్రిల్‌లో బాగ్దాద్ మ్యూజియం లూటీ అయినప్పుడు 1,70,000 వస్తువులు పోయాయని ప్రపంచమంతా వార్త వచ్చింది. అది పోయిన వాటి లెక్క కాదు, మ్యూజియం మొత్తం సేకరణ లెక్క. ఎవరో చెప్పారు, ఏజెన్సీ పంపింది, అందరూ వేశారు. రెండు నెలలు తిరక్కుండానే గాలి అటు మళ్లింది. పోయినవి 33 మాత్రమేనట, ఇదంతా గోరంతలు కొండంతలు చేసిన కథ అని కొందరు రాశారు. ఆ 33 ప్రదర్శన గదుల్లోంచి పోయిన ముఖ్యమైన వస్తువుల లెక్క, స్టోర్ రూముల సంగతి అందులో లేదు. తర్వాత దర్యాప్తులో తేలింది దాదాపు 15,000. వాటిలో జేబులో పట్టేంత చిన్న ముద్రలు (సీళ్లు) వేలల్లో ఉన్నాయి. మొదటి అంకె జనాన్ని గుండెలు బాదుకునేలా చేసింది, రెండోది మోసపోయామనిపించింది. నిజమైన అంకె వచ్చేసరికి వినే ఓపిక ఎవరికీ మిగల్లేదు. ఆ చిన్న ముద్రలు సరిహద్దులు దాటి మార్కెట్లోకి వెళ్లిన రోజులు అవే.

పశ్చిమాఫ్రికాలో మాలీ దేశపు పాత ఊరు టింబక్టు సంగతి ఇంకా చిత్రం. 2013 జనవరి 28న ఫ్రెంచి, మాలీ సైన్యాలు ఊళ్లోకి అడుగుపెడుతున్న వేళ, అహ్మద్ బాబా ఇన్‌స్టిట్యూట్‌లోని రాతప్రతులను తిరుగుబాటుదారులు తగలబెట్టేశారని ఆ ఊరి మేయర్ విలేకరులకు చెప్పాడు. గంటల్లో అది ప్రపంచ వార్త అయింది. వందల ఏళ్ల జ్ఞానం బూడిదయిందని సంపాదకీయాలు కూడా పడ్డాయి. చెప్పిన మనిషి మేయరే, అందులో అబద్ధం లేదు. కానీ ఆ రోజు ఆయన ఉన్నది వందల కిలోమీటర్ల అవతల, రాజధాని బమాకోలో. ఆయనకు ఎవరో చెప్పింది ఆయన మీకు చెప్పాడు. కొద్ది రోజుల్లోనే బయటపడింది ఏమిటంటే, రాతప్రతుల్లో అత్యధిక భాగాన్ని వాటి సంరక్షకులు అంతకుముందు నెలల్లోనే ట్రంకు పెట్టెల్లో సర్ది, రోడ్డు మీదా నది మీదా రహస్యంగా బమాకోకు తరలించేశారు. ఇన్‌స్టిట్యూట్‌లో కాలిపోయినవి, కనపడకుండా పోయినవి కలిపి 4,200 దాకా. అదేమీ తక్కువ నష్టం కాదు. అయితే కాపాడినవి మొత్తం ఎన్ని అన్నదాని మీద పండితులు ఆ తర్వాత కూడా వాదులాడుకుంటూనే ఉన్నారు. అక్కడ కూడా లక్షల్లో వినపడిన అంకెను పరీక్షించకుండానే ఎత్తుకున్నారు.

‘అంతా కాలిపోయింది’ అని రాస్తే వచ్చే నష్టం మీకు తెలియకపోవచ్చు. కాలిపోయినదాన్ని ఎవరూ వెతకరు. ఆ ఇన్‌స్టిట్యూట్ రాతప్రతి ఒకటి ఎక్కడో అమ్మకానికి వచ్చిందనుకోండి, చూసినవాడు ఇది అక్కడిది కాదులే, అక్కడివన్నీ బూడిదయ్యాయిగా అనుకుంటాడు. ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది: ‘మేయర్ బమాకోలో ఉన్నారు, ఊళ్లోకి వెళ్లి చూసినవాళ్లు ఇంకా లేరు.’

కనపడకపోవడం వేరు, దొంగతనం వేరు. ఈ తేడా దగ్గర మీరే కాదు, మా రంగం వాళ్లూ తడబడతారు. కేంబ్రిడ్జి యూనివర్సిటీ లైబ్రరీలో డార్విన్ నోటుపుస్తకాలు రెండింటిని 2000 నవంబరులో ఫొటోలు తీయడానికి బయటికి తీశారు. అందులో ఒకదానిలో 1837లో ఆయన గీసిన ‘జీవవృక్షం’ బొమ్మ ఉంది. 2001 జనవరిలో మామూలు తనిఖీ చేస్తే అవి వాటి చోట లేవు. ఎక్కడో తప్పు అల్మారాలో పెట్టి ఉంటారని ఏళ్లపాటు అనుకున్నారు. కోటి దాకా పుస్తకాలు, పత్రాలు ఉన్న చోట అలా అనుకోవడం వింతేమీ కాదు. చివరికి 2020లో మళ్లీ గాలించి, దొంగతనమే అయి ఉంటుందని పోలీసులకు చెప్పారు. నవంబరులో ఫొటోలతో, కొలతలతో బహిరంగంగా అడిగారు. 2022 మార్చి 9న ఒక గులాబీ రంగు గిఫ్ట్ బ్యాగు లైబ్రేరియన్ ఆఫీసు బయట, సీసీ కెమెరా లేని చోట కనిపించింది. లోపల రెండు నోటుపుస్తకాలూ భద్రంగా ఉన్నాయి, కవరు మీద ఈస్టర్ శుభాకాంక్షలు. ఆ ప్రకటనకు భయపడే తెచ్చి పెట్టారని నేను చెప్పలేను. కానీ 20 ఏళ్లుగా అతీగతీ లేనివి, వివరాలు సరిగ్గా అచ్చయిన 16 నెలల్లో తిరిగొచ్చాయి.

ఈ కథ మీ చేతుల్లో ‘2000లో దొంగిలించారు’ అని ఒకచోట, ‘దొంగ తిరిగిచ్చాడు’ అని ఇంకోచోట మారిపోతుంది. ఎప్పుడు తీశారో తెలియదు, తెలిసింది ఆ రెండు నెలల మధ్య అని మాత్రమే. తెచ్చి పెట్టిన మనిషే తీసిన మనిషి అనడానికి ఆధారమూ లేదు.

దీనికి సరిగ్గా ఎదురు కథ రైట్ సోదరుల పేటెంట్ ఫైలుది. విమానం కోసం 1903లో వాళ్లు పెట్టిన దరఖాస్తు అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో ఉండాలి. చివరిసారి చూసింది 1980లో, లేదని తెలిసింది 2000లో. పోయిన పత్రాలను వెతికే ప్రత్యేక బృందం జాబితాలోకి అది ఎక్కింది. 2016 మార్చిలో దొరికింది, కాన్సాస్‌లోని లెనెక్సాలో సున్నపురాతి గుహల్లో కట్టిన గోదాములో, వేరే పెట్టెలో. ఎవరూ ఎత్తుకెళ్లలేదు, సర్దేటప్పుడు చోటు మారింది. కనపడని రోజున డార్విన్ పుస్తకాల పరిస్థితీ, ఈ ఫైలు పరిస్థితీ ఒక్కటే. అందుకే ‘కనపడటం లేదు’ అని లైబ్రరీ చెబితే అలాగే రాయండి. ‘మాయం’, ‘చోరీ’, ‘గల్లంతు’ అని చప్పగా ఉన్నదానికి మసాలా వేయకండి. ఆ మసాలా ఘాటు తగిలేది, ఆ వారం ఆ గది తాళాలు పట్టుకున్న చిన్న ఉద్యోగికి.

తేదీల విషయం క్లుప్తంగా చెబుతాను. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ లైబ్రరీలో అరుదైన పుస్తకాలు, పటాలు పోయినట్టు బయటపడింది 2017 తనిఖీలో. దొంగతనం మాత్రం 1990ల నుంచి పాతికేళ్లు సాగింది. ‘2017లో భారీ చోరీ’ అని శీర్షిక పెడితే, 1998లో కొన్నవాడు నాదానికి ఇబ్బంది లేదులే అని హాయిగా నిద్రపోతాడు. బయటపడిన రోజు, జరిగిన కాలం రెండూ రాయాలి.

అదే కేసులో దొంగలెవరు? ఆ అరుదైన పుస్తకాల గది బాధ్యుడు, ఊళ్లోనే ఉన్న ఒక పాత పుస్తకాల వ్యాపారి. 2011లో స్పెయిన్‌లోని శాంతియాగో కథెడ్రల్ నుంచి కోడెక్స్ కలిక్స్‌టినస్ అనే 12వ శతాబ్దపు రాతప్రతి పోయింది. ఏడాది తర్వాత ఒక గ్యారేజీలో దొరికింది. పట్టుబడింది అక్కడే ఏళ్ల తరబడి పనిచేసిన ఎలక్ట్రీషియన్. నేపుల్స్‌లో జిరోలమీని లైబ్రరీ పుస్తకాలు వేలల్లో తరలించిన కేసులో 2012లో అరెస్టయింది సాక్షాత్తూ డైరెక్టరు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా. ఇన్ని జరిగినా కొత్త కేసు రాగానే తెరమీదికొచ్చే కథ ‘అంతర్జాతీయ ముఠా, రహస్య కోటీశ్వరుడు’. ముఠాలు లేవని కాదు. ఐరోపా లైబ్రరీల్లో రష్యన్ కవి పుష్కిన్ తొలి ముద్రణలు తీసుకుని నకళ్లు పెట్టి పోయింది నిజంగా ముఠానే, 2024లో ఐరోపా పోలీసు సంస్థ యూరోపోల్ తొమ్మిదిమంది అరెస్టును ప్రకటించింది. మరి ఏ కేసు ఏదో దర్యాప్తు చెప్పేదాకా ఆగితే పోయేదేముంది?

బ్యారీ లాండావ్ ఉదంతం మాత్రం మీ రంగానికి ప్రత్యేకంగా గుర్తుండాలి. 2011 జులైలో బాల్టిమోర్‌లోని మేరీలాండ్ హిస్టారికల్ సొసైటీలో సహాయకుడితో పాటు పట్టుబడ్డాడు. వాళ్ల లాకరులో 60 దాకా పత్రాలు దొరికాయి, న్యూయార్క్ ఇంట్లో వేలు. లోపల పెద్ద జేబులు కుట్టించిన కోట్లు వేసుకొచ్చేవారు, సిబ్బందికి కప్‌కేకులు తెచ్చి పెట్టేవారు. పత్రం మీద లైబ్రరీ గుర్తులను గరుకు కాగితంతో గీకి పోగొట్టడానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘సర్జరీ’. కేటలాగ్ కార్డులు కూడా ఎత్తుకుపోయేవారు, అలాంటి పత్రం ఒకటి ఉండేదన్న జాడే మిగలకుండా. 2012లో లాండావ్‌కు ఏడేళ్ల శిక్ష పడింది. అంతకుముందు ఆయనను అధ్యక్షుల చరిత్రకారుడంటూ టీవీ స్టూడియోల్లో కూర్చోబెట్టింది ఎవరు? రీడింగ్ రూముల్లో ఆయనకు తలుపులు తెరిచిన పేరులో కొంత మీరిచ్చిందే.

‘దొరికింది’ వార్తలకూ ఇంతే జాగ్రత్త కావాలి. 1945 విమాన ప్రమాదంలో పోయిన హిట్లర్ డైరీలు దొరికాయని 1983 ఏప్రిల్ 25న జర్మన్ పత్రిక స్టెర్న్ ఘనంగా ప్రకటించింది. వాటి కోసం 93 లక్షల మార్కులు పోసింది. మే 6న జర్మనీ ఫెడరల్ ఆర్కైవ్స్ అవి నకిలీ డైరీలని తేల్చింది. కాగితంలోనే యుద్ధం తర్వాత వాడుకలోకి వచ్చిన తెలుపు రసాయనం ఉంది. అందరికంటే ముందు వేయాలన్న టెన్షన్‌లో చేయించాల్సిన పరీక్షలు పూర్తిగా చేయించలేదు.

లైబ్రరీలు, ఆర్కైవ్స్ నోరు విప్పకపోతే మేమేం చేయాలి అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పోయిందని చెబితే పరువు పోతుందని, దాతలు వెనక్కి తగ్గుతారని దాచిపెట్టే సంస్థలు ఉన్నాయి. అలా దాచడం వల్ల దొంగకు ఏళ్లు కలిసొస్తాయి. వాళ్లను గట్టిగా నిలదీయండి, అది మీ పని. నిలదీసేటప్పుడు ‘ఎన్ని కోట్లు’ అని మాత్రం మొదలుపెట్టకండి. అమ్మకానికి లేని పత్రానికి ధర ఉండదు. మైకు పెట్టి అడిగితే ఎవరో ఒక అంకె చెబుతారు, అది శీర్షిక అవుతుంది, రేపటి దొంగకు అదే ప్రోత్సాహం. అడగాల్సింది కేటలాగ్ ఎంట్రీ. అది చేతిరాతా అచ్చా, మొత్తమా కొన్ని ఆకులా, కొలతలేమిటి, స్టాంపు ఎక్కడ, చివరిసారి చూసింది ఎప్పుడు, లేదని తెలిసింది ఎప్పుడు, డిజిటల్ ఫొటో ఉందా. పోయిన పత్రం ఫొటో లేకపోతే అలాంటిదే ఇంకోటి ఫైల్ ఫొటోగా వేయొద్దు. జనం ఆ ఇంకోదాని కోసం వెతుకుతారు.

తప్పు దొర్లితే సవరణను వారం తర్వాత లోపలి పేజీ అడుగున వేసి చేతులు దులుపుకోకండి. వెబ్‌సైట్‌లో పాత వార్త నెత్తిన, తేదీతో పెట్టండి. వెతికేవాడికి తగిలేది అక్కడే. పత్రం తిరిగొస్తే అదే వార్తలో ఆ మాట కలపండి, లేకపోతే సక్రమంగా ఇంటికి చేరిన పత్రం కూడా ఇంటర్నెట్‌లో ఎప్పటికీ దొంగసొత్తుగానే ఉంటుంది. పైన చెప్పిన కేటలాగ్ ఎంట్రీ పంపడానికి, అది ఉన్న ఏ లైబ్రరీకైనా ఎంతోసేపు పట్టదు. అడిగినా పంపకపోతే, అడిగామని, పంపలేదని వార్తలోనే రాయండి.

ఇట్లు,
రాతప్రతుల కేటలాగ్ పనిలో ఉన్న మీ పాఠకుడు